వాల్యూమ్ తగ్గించినా తగ్గని మోత

"యాంప్ ఆన్ చేస్తే గుర్రుమని మోత. ఏం మార్చాలి? అర్జెంట్ ప్లీజ్."

పాత వాల్వు (గాజుగొట్టాల) రేడియోలు బాగుచేసుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన మొదటి మెసేజ్ ఇదే. చివర దండం బొమ్మ కూడా పెట్టాను. రెండు రోజులు ఒక్కరూ పలకలేదు. ఇంతమందిలో ఒక్కడికీ తీరిక లేదా అని కోపమొచ్చింది. మూడో రోజు పొద్దున ఎవరో ఒకాయన "ఏ యాంపు సార్?" అన్నాడు. అది గిటార్ శబ్దాన్ని పెంచే యాంపని కూడా నేను చెప్పలేదని అప్పటికి గానీ వెలగలేదు.

నేను ఒంగోలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కెపాసిటర్ల (రిపేరువాళ్ల భాషలో కండెన్సర్ల) పాఠం ఏటా చెప్పేవాణ్ణే. ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాను. ఈ రెండూ తెలుసు కాబట్టి గిటార్ యాంపు సంగతి కూడా తెలిసిపోయినట్టేనని ఒక ధీమా ఉండేది.

ఆ పెట్టె గురించి కొంచెం చెప్పాలి. 1866లో మిషనరీ క్లౌ దొర వచ్చిన దగ్గర్నుంచి ఒంగోలుకీ అమెరికా బాప్టిస్టులకీ రాకపోకలున్నాయి. ఆ రాకపోకల్లో ఎప్పుడో ఎవరో తెచ్చుకుని, వెళ్తూ వెళ్తూ వదిలేసిన యాంపు మా చర్చి సామాన్ల గదిలో క్రిస్మస్ నక్షత్రాల కింద పడి ఉంది. ఫెండర్ చాంప్. మోకాలెత్తు కూడా లేని చెక్కపెట్టె, ఎనిమిది అంగుళాల స్పీకరు, మూడే మూడు వాల్వులు. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కంపెనీ గిటార్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన చవక రకం. లోపల అంటించిన కాగితం మీద ఏఏ764 అని ఉంది. ఆ సర్క్యూట్ 1964 జులై నాటిదని దానర్థం. పెట్టె కూడా ఆ ఏడాదిదే కానక్కర్లేదు, అదే సర్క్యూట్‌ను చాలా ఏళ్లు వాడారు. ఏదైనా నాకంటే వయసులో పెద్దదే. అమెరికా కరెంటుకు చేసింది కాబట్టి, పక్కనే మన వోల్టేజీని దించే, ఇటుకంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంది.

దుమ్ము దులిపి ఆన్ చేస్తే గిటార్ వినపడింది. దాని కింద మోత కూడా వినపడింది. ఆగి ఉన్న లారీ ఇంజనులాగా.

"ఏ యాంపు సార్?" అన్నాయనే కావలిలో ఒక పెద్దాయన నంబరిచ్చాడు. ఒకప్పుడు స్టేషన్ దగ్గర రేడియో, మైక్‌సెట్ రిపేరు షాపు నడిపినాయన. ఇప్పుడు అదే షాపులో కొడుకు సెల్‌ఫోన్లకు గ్లాసులు అంటిస్తుంటాడు. ఫోన్ చేశాను.

"కండెన్సర్లు పోయినట్టున్నాయి బాబాయ్. ఏవేవి మార్చమంటారు?"

"పోయినట్టు నీకెట్టా తెలిసింది?"

"పాతవాటిలో ముందు అవే పోతాయని చదివాను."

"రోగం పేరు నేను పెడతాలే అబ్బాయా. ఒళ్లెట్టా ఉందో నువ్వు చెప్పు. మోత ఆన్ చెయ్యంగానే వస్తోందా, వేడెక్కినాకా? గిటార్ వైరు పీకినా ఉందా? వాల్యూమ్ తిప్పితే పెరుగుతోందా? నీకంటే ముందు దాన్నెవరన్నా విప్పారా? ఆఖరుసారి బాగా పాడిందెప్పుడు?"

ఐదు ప్రశ్నలు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "చూసి చెబుతాను" అన్నాను. "చూసినాకే చెయ్" అని పెట్టేశాడు.

మొహం మీద తలుపేసినట్టయింది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. నా క్లాసులో పిల్లవాడు లెక్క మొదలే పెట్టకుండా "సార్, ఆన్సర్ ఎంత?" అంటే నేను అనేదీ ఇంచుమించు ఇదే.

ఆ రాత్రే వెనక చెక్క విప్పాను. ముందు ఫ్యూజు చూశాను. గాజు ఫ్యూజు చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. పెద్దాయన నాలుగో ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. ఎవరో విప్పారు, ఫ్యూజు ఎందుకు పోతోందో చూడకుండా పోయే దారే మూసేశారు. ఇంకా లోపలికి చూద్దామని వేలు పెట్టాను. ప్లగ్గు పీకే ఉంది కదా అని. మోచేతి దాకా జివ్వున లాగింది. స్క్రూడ్రైవర్ వంటింటి గుమ్మం దగ్గర పడింది. మా ఆవిడ వచ్చి, "కెపాసిటర్ చార్జిని దాచుకుంటుందని పిల్లలకు చెప్పేది మీరే కదా" అంది.

మూడొందల వోల్టుల పైన నడిచే పెట్టె అది. ప్లగ్గు పీకినా, కరెంటులో అలలను చదును చేసే ఫిల్టర్ కండెన్సర్లలో ఆ వోల్టేజీ చాలాసేపు నిలిచి ఉండొచ్చు. తర్వాత పెద్దాయన చెప్పిన పద్ధతి ఇది: పది కిలో ఓముల, ఐదు వాట్ల రెసిస్టెన్స్‌కు రెండు వైపులా మొసలి క్లిప్పులు కట్టుకుని, ఒకటి చాసిస్‌కు (లోపలి లోహపు చట్రానికి), ఇంకొకటి కండెన్సర్‌కు తగిలించాలి. మొత్తం అరవై మైక్రోఫారడ్లు అనుకుంటే టైమ్ కాన్‌స్టంట్ 0.6 సెకను, దాదాపు ఖాళీ కావడానికి దానికి ఐదింతలు, అంటే మూడు సెకన్లు. ఈ లెక్క నాది. పెద్దాయన లెక్క వేరు: "ఒకటి నుంచి ఇరవై దాకా ఎంచు. అప్పుడు కూడా నమ్మబాక, మీటర్ పెట్టి చూడు. ఎడం చెయ్యి జేబులో పెట్టుకో." నేను ఇప్పటికీ ఇరవై దాకానే ఎంచుతున్నాను.

తర్వాత సిరీస్ బోర్డు. మన ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిందే. యాంపుకు వెళ్లే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లేలా చేస్తే, లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉంటుంది, యాంపు బతుకుతుంది. షార్టు లేకపోతే ఒకసారి వెలిగి మందగిస్తుంది. అయితే దీనికి ఫిలమెంట్ బల్బే కావాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ఈ రోజుల్లో వంద వాట్ల పాత బల్బు కోసం ఒంగోలులో తిరగడం ఒక అనుభవం. కర్నూలు రోడ్డులో నాలుగు షాపులు తిరిగాను. ఒకతను నన్ను పైనుంచి కిందికి చూసి "ఇంకా ఎవరు వాడుతున్నారండీ" అన్నాడు. చివరికి మా స్టూడెంట్ వాళ్ల నాన్న కోళ్లఫారంలో దొరికింది. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం పెట్టుకున్న వాటిలో ఒకటి ఇచ్చాడు.

వాల్వులన్నీ తీసేసి యాంపును ఆ బోర్డుకు కలిపాను. బల్బు వెలగనట్టే ఉంది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ క్షేమం. వాల్వులు పెట్టి ఆన్ చేస్తే భగ్గుమని, నెమ్మదిగా నిప్పుకణం రంగుకు దిగింది. మనసు కుదుటపడింది.

ఈసారి కాగితం మీద రాసుకుని ఫోన్ చేశాను. మోత ఆన్ చేసిన అరనిమిషంలో మొదలవుతుంది. గిటార్ వైరు పీకినా ఉంది. వాల్యూమ్ సున్నాలో పెట్టినా తగ్గదు, పెంచినా పెరగదు. ముందెవరో విప్పారు, ఫ్యూజుకు వెండి కాగితం చుట్టారు.

పెద్దాయన గొంతు మారింది. "ఆఁ, ఇప్పుడు చెప్పినావు. చిన్న వాల్వు పీకి చూసినావా?"

ఆపి, 12ఏఎక్స్7 పీకి, మళ్లీ ఆన్ చేశాను. మోత అలాగే ఉంది. వాల్యూమ్‌కు లొంగలేదు, చిన్న వాల్వు లేకపోయినా ఉంది, కాబట్టి ముందు భాగానికి ఏ పాపమూ లేదు. తప్పు పవర్ వైపే.

"మోత ఏ శృతి?" అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. అకూస్టిక్ గిటార్ తెచ్చి కలిపి చూశాను. లావు తీగ మూడో మెట్టు మీద నొక్కితే వచ్చే జీ స్వరం, దానికన్నా ఒక వెంట్రుకవాసి పైన. ఆ జీ 98 హెర్ట్జ్. మన కరెంటు 50 సైకిళ్లు. ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ అల రెండు సగాలనూ వాడుకుంటుంది కాబట్టి ఫిల్టర్ సరిగ్గా పనిచేయకపోతే మిగిలే అల 100. ఫిలమెంట్ వైర్ల నుంచో ఎర్త్ నుంచో వచ్చే మోతైతే 50 ఉండాలి, ఒక స్థాయి కింద. అమెరికా పుస్తకాల్లో దీన్ని 120 అని రాస్తారు, వాళ్ల కరెంటు 60 సైకిళ్లు కాబట్టి. వాళ్ల లెక్క పట్టుకుని వెతికితే ఇక్కడ స్వరం కలవదు. ఇన్నేళ్లు గిటార్ వాయిస్తూ, ఇన్నేళ్లు ఫిజిక్స్ చెబుతూ ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూడలేదు నేను.

"అయితే ఫిల్టర్ కండెన్సర్లే. నువ్వు మొదట చెప్పిందే" అన్నాడు. నేను సంబరపడేలోపే, "గాల్లో రాయేస్తే తగిలింది, అంతే. ముందు వైరు మార్చు" అన్నాడు.

వైరు సంగతి ఇది. పాత అమెరికా యాంపులకు రెండు పిన్నుల వైరుండేది, ఎర్త్ లేదు. పైగా మెయిన్స్ వైరు ఒకదాన్నుంచి చాసిస్‌కు ఒక చిన్న కండెన్సర్ కలిపేవారు. అది షార్టయితే చాసిస్, దాంతోపాటు గిటార్ తీగలు కూడా కరెంటులో ఉన్నట్టే. మెకానిక్కులు దానికి డెత్ క్యాప్ అని పేరు పెట్టుకున్నారు. ఇది వింటుంటే నాకు ఒకటి గుర్తొచ్చింది. యాంపు బయటికి తీసిన కొత్తలో పాటల ప్రాక్టీసులో ఒక కుర్రాడి పెదవి మైక్‌కు తగిలి ఎగిరిపడ్డాడు. చేతిలో ఈ యాంపుకు కలిపిన గిటారుంది. మేమంతా కలిసి మైక్‌సెట్ అబ్బాయిని తిట్టి పంపించాం. మైకు ఎర్త్ బాగానే ఉంది. కరెంటు మా వైపునుంచి వెళ్లింది.

ఆ కండెన్సర్ కత్తిరించేశాను. మూడు కోర్ల వైరు వేసి, పచ్చ వైరును చాసిస్‌కు బోల్టుతో బిగించాను. స్టెప్‌డౌన్ పెట్టెకు బయటికొచ్చే సాకెట్‌లో ఎర్తే లేదు. గోడ సాకెట్ ఎర్త్‌ను దాని గుండా యాంపు దాకా లాగాల్సి వచ్చింది. సరైన విలువ ఫ్యూజు వేసి, ఆ వెండి కాగితం చుట్టిన దాన్ని గుర్తుగా డ్రాయర్లో పెట్టుకున్నాను.

రెండో శనివారం పినాకిని ఎక్కి చెన్నై వెళ్లాను. ఎలక్ట్రానిక్స్ అంటే మనవైపువాళ్లకు మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీటే. 450 వోల్టుల కండెన్సర్లు ఎక్కడ పడితే అక్కడున్నాయి. పెద్దాయన మాత్రం 500వే తెమ్మన్నాడు. 5వై3 రెక్టిఫయర్ తొందరగా వేడెక్కుతుంది, పెద్ద వాల్వు 6వీ6 ఆలస్యంగా మేలుకుంటుంది, ఆ మధ్యలో వోల్టేజీ పైకి లేస్తుంది. దానికి తోడు అర్ధరాత్రి మా వీధి కరెంటు 245 చూపిస్తుంది. ఐదో షాపులో దొరికాయి. అక్కడిదాకా వెళ్లినవాణ్ణి ఊరుకోలేక, ఒక సెకండ్‌హ్యాండ్ 6వీ6 వాల్వు కూడా కొన్నాను. ఉన్నది పాతది కదా, మార్చేస్తే పోలా అని.

అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

ఇంటికొచ్చి ఒక్క రాత్రిలో ఫిల్టర్ కండెన్సర్లు మూడూ మార్చాను, కేథోడ్ కండెన్సర్ మార్చాను, వాల్వు కూడా మార్చాను. ఆన్ చేశాను. మోత పోయింది! గిటార్ కలిపి ఒక పాట వాయించాను. ఆ శబ్దం గురించి రాయాలంటే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నాను. పది నిమిషాల తర్వాత స్వరం బొంగురుపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే 6వీ6 లోపలి ప్లేటు కుంకుమ రంగులో మెరుస్తోంది. ఫిలమెంట్ వెలుగు కాదు, ప్లేటే ఎర్రగా కాలుతోంది. ఆపేశాను.

గ్రూపులో పెట్టాను: చెన్నైలో కొన్న వాల్వు మోసం, సెకండ్‌హ్యాండ్ సరుకు కొనకండి. ఆ వీధి పేరు కూడా రాశాను. నలుగురు "అయ్యో" అన్నారు, ఒకాయన తనకు జరిగిన మోసం రాశాడు. కాసేపటికి పెద్దాయన దగ్గర్నుంచి ఫోన్.

"వాల్వు ఎప్పుడు మార్చినావు? నాకు చెప్పలేదే."

చెప్పాను. మిగతావి కూడా చెప్పాను.

"ఒక్క రాత్రిలో ఐదు మార్చి, ఏది తిరగబడిందో నన్ను చెప్పమంటావా? పాత వాల్వు మళ్లీ పెట్టు. పెట్టి, ఐదో కాలు మీద, ఎనిమిదో కాలు మీద ఎంతుందో చూసి చెప్పు. నిమిషంలో ఆపెయ్. వాల్వును తిట్టబాక."

6వీ6లో ఐదో కాలు (పిన్ను) గ్రిడ్, పాట లోపలికి వెళ్లే చోటు. దాని మీద సున్నా ఉండాలి. నాకు 9 వోల్టులు చూపించింది. ఎనిమిదోది కేథోడ్, దాని కింద 470 ఓముల రెసిస్టెన్స్. 20 చిల్లర ఉండాల్సినచోట 26. ఆ 26ని 470తో భాగిస్తే 55 మిల్లీయాంపులు. ప్లేటు దగ్గర 325 ఉంది, అందులోంచి 26 తీసేసి గుణిస్తే 16 వాట్ల పైమాటే. 12 వాట్లు తట్టుకునే వాల్వు అది. చెన్నైలో కొన్నదైనా, అమెరికా నుంచి వచ్చిందైనా ఎర్రబడక ఏం చేస్తుంది?

పాత వాల్వుకూ అదే రోగం అంటే రోగం వాల్వుది కాదన్నమాట. అయినా పెద్దాయన ఇంకో పరీక్ష పెట్టాడు. చిన్న వాల్వు నుంచి పెద్ద వాల్వుకు పాటను అందించే కప్లింగ్ కండెన్సర్ ఒకటుంటుంది. దాని పని పాటను వదిలి డీసీని ఆపడం. దాని ఒక కాలు ఊడదీసి గ్రిడ్ మీద మళ్లీ చూడమన్నాడు. తొమ్మిది అలాగే ఉంటే వాల్వుదే తప్పు. పోతే కండెన్సర్‌ది. ఊడదీశాను. మీటరు 0.0.

అంటే అది డీసీని ఆపకుండా ముందునుంచీ కారుతోంది. మోత గోలలో నేను పట్టించుకోలేదు. బహుశా ఆ వెండి కాగితం చుట్టినాయన ఫ్యూజులు మాడిపోవడానికీ ఇదే కారణం కావచ్చు, కచ్చితంగా చెప్పలేను. 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ వేశాను. గ్రిడ్ మీద సున్నా, కేథోడ్ మీద 20. చెన్నై వాల్వు పెట్టినా దాదాపు అంతే. గంటసేపు వదిలి చూశాను, ఎక్కడా ఎరుపు లేదు.

తర్వాత గ్రూపులో పెట్టిన మెసేజ్ రాయడానికి యాంపు బాగుచేయడం కన్నా ఎక్కువ కష్టపడ్డాను. యాంపు ఏది, మొదట ఎలా ఉంది, ఏ కాలు మీద ఎంతుండేది, ఇప్పుడెంతుంది, తప్పు ఎక్కడ దొరికింది, అన్నీ రాశాను. చెన్నై వాల్వు మంచిదే, నేను కొలవకుండా అన్నాను, క్షమించండి అని కూడా రాశాను. ముందు మెసేజ్ తీసేద్దామా అనుకున్నాను గానీ ఉంచేశాను. అది తీసేస్తే కింద "అయ్యో" అన్న నలుగురూ ఎందుకన్నారో ఎవరికీ అర్థం కాదు. మైక్‌సెట్ అబ్బాయికి మాత్రం ఎదురుగా వెళ్లి చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు, నవ్వలేదు.

పెద్దాయన ఆ మెసేజ్‌కు బొటనవేలు బొమ్మ పెట్టి, విడిగా ఫోన్ చేశాడు. "బాగయినాక వచ్చి చెప్పేవాళ్లు తక్కువ అబ్బాయా. బాగయిందో, పెట్టెను పాతసామాన్లకు వేశారో మనకు తెలవదు. ఆ కారే కండెన్సరు పారెయ్యలేదు కదా? తీసుకురా."

డబ్బులెంతివ్వాలని అడిగితే సమాధానం చెప్పలేదు. మే నెల కదా అని దారిలో ఉలవపాడులో బస్సు దిగి ఒక బుట్ట మామిడిపళ్లు తీసుకున్నాను. కావలి షాపు వెనక గది నేను అనుకున్నదానికన్నా చిన్నది. బల్ల మీద చేత్తో తిప్పే మెగ్గర్, ఎక్కువ వోల్టేజీ పెట్టి లీకు చూసే మీటరు. ఆ కండెన్సర్‌ను దానికి తగిలించి పిడి తిప్పాడు. ముల్లు పైదాకా వెళ్లకుండా సగంలో వణుకుతూ నిలబడింది. కొత్తది తగిలిస్తే చివరికంటా పోయి ఆనుకుంది. "మామూలు మీటరుకు ఇది దొరకదు. మీటర్లో తొమ్మిది వోల్టుల బ్యాటరీ. ఇది మూడొందలు పడితే గానీ కారదు" అన్నాడు. ఆ కండెన్సర్‌ను బిస్కెట్ డబ్బాలో వేసుకున్నాడు. డబ్బాలో అలాంటివి చాలానే ఉన్నాయి. పళ్లబుట్ట చూసి "చక్కెర జబ్బు నాకు" అని, రెండు తీసి వాసన చూసి కొడుక్కిచ్చాడు.

యాంపు ఇప్పుడు ప్రతి ఆదివారం పాడుతోంది. అరగంట దాటాక మాత్రం అప్పుడప్పుడు చిటపటమంటోంది, పెనంలో నీళ్లు చిలకరించినట్టు. వాల్యూమ్ తగ్గిస్తే అదీ తగ్గుతోంది, అంటే ఈసారి ముందు భాగంలోదే. వాల్వును పెన్సిలుతో తట్టి చూశాను, తేడా లేదు. చిన్న వాల్వు ప్లేటుకున్న లక్ష ఓముల రెసిస్టెన్స్ మీద అనుమానం. కానీ అనుమానమని చెప్పడానికి ఫోన్ చేయను. ఈ వారం వేడెక్కక ముందు ఎంతుందో, వేడెక్కాక ఎంతుందో రాసుకుని, అప్పుడు చేస్తాను.